పిల్లలు ప్రశ్నలడిగే ఈస్టర్

శ్రోతలకు నమస్కారం.

ఈస్టర్ వారం మన విశాఖలో ఎలా గడుస్తుందో మీరు చూస్తూనే ఉంటారు. మట్టల ఆదివారం పిల్లలు తాటి మట్టలు పట్టుకుని హోసన్నా పాడుతూ వీధుల్లో తిరుగుతారు. గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం చర్చిల్లో, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల గురించి ప్రసంగాలు ఉంటాయి. యేసు తిరిగి లేచిన రోజని ఆదివారం తెల్లవారకముందే బీచ్‌లో ఆరాధన. ఇదంతా సంఘం చూసుకునే పని. మరి ఇంట్లో? కొత్త బట్టలు, బిర్యానీ. చాలా ఇళ్లలో అంతకుమించి ఏమీ ఉండదు.

పిల్లలకు విశ్వాసం నేర్పాలంటే ముందు వాళ్లలో ప్రశ్న పుట్టాలి. ఇశ్రాయేలీయులు ఐగుప్తు బానిసత్వం నుంచి బయటపడిన దానికి గుర్తుగా చేసుకునే పస్కా పండుగ బైబిల్లో ఏర్పాటైందే అలాగ. నిర్గమకాండం 12వ అధ్యాయం చూడండి. కాల్చిన గొర్రెపిల్ల మాంసం, పులియని రొట్టె, చేదు కూరలు తినమని చెబుతూనే, ఈ ఆచారం ఏమిటని రేపు మీ పిల్లలు అడుగుతారు, అప్పుడు చెప్పండి అన్నాడు దేవుడు. ముందు చేదు కూర నాలుక్కి తగిలింది, తర్వాత ప్రశ్న వచ్చింది, ఆ తర్వాతే జవాబు. మనం మాత్రం వాక్యాలు కంఠతా పట్టించేసి, పిల్లలకు అన్నీ వచ్చేశాయనుకుంటున్నాం.

కాబట్టి ముందు చంద్రుణ్ణి చూపించండి. ఈస్టర్ 2024లో మార్చి 31న వచ్చింది, 2025లో ఏప్రిల్ 20న. క్రిస్మస్‌లాగా ఒకే తేదీన ఎందుకు రాదని పిల్లలు అడుగుతారు. పస్కా పౌర్ణమికి వచ్చే పండుగ. యేసు సిలువ మరణం ఆ రోజుల్లోనే జరిగింది. అందుకే మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పౌర్ణమి దాటాక, మొదటి ఆదివారం ఈస్టర్. ఆ పౌర్ణమి సాయంత్రం పిల్లల్ని ఆర్కే బీచ్‌కు తీసుకెళ్లి, సముద్రంలోంచి చంద్రుడు పైకి వస్తుంటే యేసు పట్టుబడే ముందు ప్రార్థన చేసిన గెత్సేమనే తోట సంగతి చెప్పండి.

గుడ్లకు రంగులు వేస్తారా? వేయండి, ఉల్లిపాయ తొక్కలు వేసి ఉడకబెడితే చక్కటి ఎర్రమట్టి రంగు వస్తుంది. పూర్వం యూరప్‌లో ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస దినాల్లో, అంటే లెంట్ రోజుల్లో, గుడ్లు తినేవారు కాదు, ఈస్టర్‌కే మళ్లీ ముట్టేవారు. ఆ సంగతి చెబితే చాలు.

ఇక సమాధుల తోట. ఈస్టర్‌కు మనవాళ్లు సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. పిల్లలు భయపడతారని కొందరు వాళ్లను ఇంట్లోనే వదిలి వెళ్తారు. నేను దీన్ని ఒప్పుకోను. శనివారమే తీసుకెళ్లండి. బకెట్టు వాళ్లకే ఇవ్వండి. రాతి మీద పట్టిన పాచిని కొబ్బరి పీచుతో రుద్దుతుంటే నానమ్మ పేరు ఒక్కో అక్షరమే బయటపడుతుంది. అప్పుడు అడుగుతారు, నానమ్మ మళ్లీ లేస్తుందా అని. మాట దాటేయకండి. లేస్తుంది, మనం నమ్మేది అదే అని చెప్పండి. నాకూ ఆమెను చూడాలనుంది అని కూడా చెప్పండి.

ఆ రాత్రి మార్కు సువార్త చివరి అధ్యాయం తెలుగులో, పిల్లల చేతే చదివించండి. ఇంగ్లీష్ మీడియం కదా, తడబడతారు, ఫర్వాలేదు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు సువార్తల్ని తెలుగు చేయడానికి పూనుకున్నది ఈ విశాఖలోనే. ఆ ఊరి పిల్లలకు ఈ కథ తెలుగులో చదవడం రావాలని నా కోరిక. యేసు సమాధి మీది రాయి ఎవరు దొర్లిస్తారని, అక్కడికి వెళ్తున్న స్త్రీలు అనుకునే చోట ఆపేయండి. మిగతాది పొద్దున చదవొచ్చు.

ఆదివారం బీచ్ నుంచి వచ్చాక కుంపటి వెలిగించి చేపలు కాల్చండి. వంజరమే అక్కర్లేదు, నెత్తళ్లైనా సరే. పండుగ ఏప్రిల్ 15 తర్వాత వస్తే మరబోట్ల వేట నిషేధం ఉంటుంది, అప్పుడు దొరికినవే కొనండి. పండగపూట ఈ చేపలేమిటని ఇంట్లో అందరూ అడుగుతారు. యోహాను 21వ అధ్యాయం తీయండి. తిరిగి లేచిన యేసు ఒడ్డున నిప్పుల మీద చేపలు కాల్చి, రాత్రంతా వల వేసి అలసిపోయిన శిష్యుల్ని తినడానికి రమ్మన్నాడు. దేవుడు వంట చేస్తాడా అని చిన్నవాళ్లు ఆశ్చర్యపోతారు. పెద్ద పిల్లలకు ఇంకో సంగతి చెప్పండి. శిష్యుడైన పేతురు, యేసు ఎవరో నాకు తెలియదని మూడుసార్లు బొంకిన రాత్రి కూడా బొగ్గుల మంట దగ్గర చలి కాచుకుంటున్నాడు. ఇప్పుడు మళ్లీ అలాంటి నిప్పుల దగ్గరే, నన్ను ప్రేమిస్తున్నావా అని యేసు మూడుసార్లు అడిగాడు. తప్పు ఎత్తి చూపలేదు, ముందు కడుపు నింపాడు. తప్పు చేసి ముఖం చాటేసుకునే వయసు పిల్లలకు ఇది తప్పకుండా తెలియాలి.

ఈ పూటకు పక్కింటి పిల్లల్ని కూడా పిలవండి, వాళ్లు ఏ మతం వాళ్లైనా సరే. చేపలెందుకని వాళ్లు అడిగితే మీరు చెప్పకండి, మీ పిల్లల చేత చెప్పించండి. మధ్యలో తప్పు చెప్పినా అందరి ముందూ సరిదిద్దకండి. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో మాట్లాడుకోవచ్చు.

సెలవు.