పాటకు వేసిన రెండు తాళాలు

తలుపుకు వేసేదీ తాళమే, పాటకు వేసేదీ తాళమే. తెలుగులో మనకున్న వెసులుబాటు ఇది. ఇవాళ నేను చెప్పబోయేది మ్యూజిక్రిప్ట్ అనే కెనడా కంపెనీ కథ, అందులో ఒకచోట ఆ రెండు తాళాలూ ఒకటే అవుతాయి. అక్కడికి తర్వాత వద్దాం. ముందు సీడీ సంగతి.

1982లో సీడీ బజారులోకి వచ్చినప్పుడు దాని మీది పాటకు ఎన్‌క్రిప్షన్ (తాళంచెవి లేనిదే విప్పలేని గూఢలిపి) లేదు. ఇళ్ళలోని కంప్యూటర్లకు సీడీ డ్రైవే లేని రోజులవి, తాళం వేయాలన్న ఆలోచన ఎవరికొస్తుంది? పైగా పాట బరువే పాటకు కాపలా. సెకనుకు 44,100 సార్లు శబ్దాన్ని కొలిచి, ఒక్కో కొలతను 16 బిట్లలో రాసి, అదంతా కుడి ఎడమలకు రెండుసార్లు చేస్తారు. లెక్క వేసి చూడండి. 4 నిమిషాల పాట 42 మెగాబైట్లు దాటుతుంది. ఫోను లైనుకు తగిలించే 56కే మోడెమ్ మీద దాన్ని దించుకోవాలంటే, లైను మధ్యలో తెగకపోతే, గంటా నలభై నిమిషాలు. అంత ఓపిక ఉన్నవాడు దొంగ అయినా దండం పెట్టొచ్చు.

ఆ కాపలాను జర్మనీలోని ఎర్లాంగెన్‌లో, ఫ్రౌన్‌హోఫర్ సంస్థ ఇంజినీర్లు తమకు తెలియకుండానే తొలగించారు. మనిషి చెవి ఎలాగూ పట్టించుకోని శబ్దాన్ని వదిలేస్తే పాట పదో వంతుకు కుదించుకుపోతుందని చూపించారు. 1995 జులై 14న ఆ ఫైళ్ళకు .ఎంపీ3 అన్న తోక ఖాయం చేశారు. గంటా నలభై నిమిషాల పని పది నిమిషాలకు దిగింది. 1999 జూన్‌లో, జనం పాటల ఫైళ్ళను ఒకరికొకరు ఉచితంగా ఇచ్చిపుచ్చుకునే నాప్‌స్టర్ వచ్చింది. మిగతా కథ మీకు తెలిసిందే.

చాలామంది అనుకునేది ఏమిటంటే, నాప్‌స్టర్ వచ్చాక భయపడి కంపెనీలు తాళాలు తయారు చేశాయని. కాదు. తాళాలు ముందే వచ్చాయి. కాలిఫోర్నియాలోని రెడ్‌వుడ్ సిటీలో లిక్విడ్ ఆడియో 1996లోనే పుట్టింది. పాటను ఎన్‌క్రిప్ట్ చేసి, ఇంటర్నెట్‌లో అమ్మి, కొన్నవాడి ప్లేయర్‌లోనే తెరుచుకునేలా చూడడం దాని వ్యాపారం. 1999 జులైలో ఒక్కో షేరు 15 డాలర్లకు మార్కెట్‌లోకి వెళ్ళింది. మూడేళ్ళు తిరిగేసరికి వాటాదారులు కోర్టుకెక్కి, పాటల సంగతి తర్వాత, బ్యాంకులో మిగిలిన డబ్బు మాకు పంచండి అనే స్థితి. 2002లో దాని పేటెంట్లను మైక్రోసాఫ్ట్ 70 లక్షల డాలర్లకు కొనుక్కుంది. 2003 మొదట్లో పంపిణీ వ్యాపారం 32 లక్షల డాలర్లకు చేతులు మారింది. ఇంటర్‌ట్రస్ట్ అనే మరో కంపెనీ ఇంకా తెలివైనది. దాని సంపద పాటల్లో కాదు, పేటెంట్లలో ఉంది. 2004లో మైక్రోసాఫ్ట్ దానితో దావా రాజీ చేసుకోవడానికి 44 కోట్ల డాలర్లు కట్టింది. ఒక్క పాట అమ్మకుండా పాటల తాళం మీద అంత డబ్బు రాబట్టిన వాళ్ళు మరొకరు నాకు కనబడలేదు.

రికార్డు కంపెనీలన్నీ కలిసి ఎస్‌డీఎంఐ అనే కూటమి కట్టి, 2000 సెప్టెంబరులో పాటల్లో దాచిన తమ గుర్తులను చెరిపేయగలిగితే చెరిపి చూపించమని జగత్తుకు సవాలు విసిరాయి. ప్రిన్స్‌టన్ ప్రొఫెసర్ ఎడ్ ఫెల్టెన్ బృందం చెరిపి చూపించింది. ఎలా చెరిపారో చెబితే కేసు వేస్తామన్న ధోరణిలో వాళ్ళకు ఉత్తరం వెళ్ళింది. రమ్మని పిలిచి, వస్తే కొడతామనడం.

ఈ కంపెనీలకు తెలివి తక్కువై ఓడిపోలేదు. గూఢలిపి శాస్త్రంలో మొదటి పాఠం ఏమిటి? పంపేవాడు, అందుకునేవాడు ఒక పక్షం. మధ్యలో చాటుగా వినేవాడు శత్రువు. పాటల దుకాణంలో అందుకునేవాడూ శత్రువూ ఒక్కడే. డబ్బిచ్చి కొన్న శ్రోతకు పాట వినబడాలంటే తాళంచెవి అతని కంప్యూటర్‌లో ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి. ఇంటికి తాళం వేసి, చెవి మీరు అనుమానించేవాడి జేబులోనే పెట్టి, చూడకు నాయనా అంటే వింటాడా? పోనీ అతను మంచివాడే అనుకుందాం. డబ్బిచ్చి కొన్న పాట ఫలానా ప్లేయర్‌లోనే మోగుతుంది, కంప్యూటర్ మారిస్తే మూగబోతుంది. ఉచితంగా దొరికే దొంగ కాపీ మాత్రం ఎక్కడైనా మోగుతుంది. కొన్నవాడికే శిక్ష పడిందన్నమాట.

ఇదే సమయంలో కెనడాలోని టొరంటోలో మన చిన్న కంపెనీ మ్యూజిక్రిప్ట్ ఈ తాళాన్ని పట్టుకెళ్ళి వేరే తలుపుకు వేసింది. ఇవాళ్టి నా అసలు విషయం ఆ తలుపే.

పాట శ్రోత దగ్గరికి వెళ్ళేముందు రేడియోకు వెళ్తుంది. మనం వినేవాళ్ళం కాబట్టి ఆ మధ్య మజిలీ మన కంట పడదు. రికార్డు కంపెనీలో ప్రమోషన్ విభాగం ఒకటి ఉంటుంది. కొత్త సింగిల్ తయారవగానే ఒక్క పాట కోసం ఒక సీడీ చేయించి, దానికి కవరు, కవరుకు ఒక కాగితం, కాగితం మీద గాయకుడి గురించి నాలుగు మాటలు రాసి, కొరియర్‌లో కొన్ని వందల స్టేషన్లకు పంపాలి. కెనడా తూర్పు కొసన సెయింట్ జాన్స్, పడమటి కొసన విక్టోరియా. మధ్య దాదాపు ఐదు వేల కిలోమీటర్లు, గడియారాల్లో నాలుగున్నర గంటల తేడా. టొరంటో స్టేషన్ పొద్దున్నే పాట వేసేస్తే, ఎక్కడో మంచులో చిక్కుకున్న కవరు కోసం ఎదురుచూసే స్టేషన్‌కు ఒళ్ళు మండదా? మాకెందుకు ముందు పంపలేదని రికార్డు కంపెనీకి ఫోను. ముందే పంపితే ఇంకో తలనొప్పి. కవరు చేరిన ప్రతి చోటా పాట బయటికి పొక్కే సందు ఉంటుంది.

ఆ పొక్కడం ఎంత భయపెట్టిందో ఒక్క సంగతి చెప్తాను. 2002లో ఒక పెద్ద రికార్డు కంపెనీ విడుదల కాని ఆల్బమ్‌లను సమీక్షకులకు ఎలా పంపిందో తెలుసా? సీడీని ఒక వాక్‌మన్‌లో పెట్టి, మూత తెరుచుకోకుండా జిగురుతో అతికించి, హెడ్‌ఫోను పిన్నును కూడా దాని రంధ్రంలో అతికించి. ప్రపంచంలో గొప్ప గొప్ప ఇంజినీర్లు ఎన్‌క్రిప్షన్ మీద కుస్తీ పడుతున్న కాలంలో పరిశ్రమ చేతిలో ఉన్న భద్రతా సాంకేతికత ఫెవికాల్ బాపతు.

మ్యూజిక్రిప్ట్ తయారు చేసిన వ్యవస్థ పేరు డీఎండీఎస్. పూర్తిగా చెప్తే డిజిటల్ మీడియా డిస్ట్రిబ్యూషన్ సిస్టమ్. పేరులో కవిత్వమేమీ లేదు. రికార్డు కంపెనీ పాటను ఒక్కసారి సర్వర్‌కు ఎక్కిస్తుంది, ఏయే స్టేషన్లకు వెళ్ళాలో టిక్కు పెడుతుంది. స్టేషన్‌లో మ్యూజిక్ డైరెక్టర్‌కు (అక్కడ ఆ మాటకు బాణీలు కట్టేవాడని కాదు, ఏ పాట వేయాలో తేల్చేవాడని అర్థం) కబురు వస్తుంది. ఆయన లాగిన్ అయి, విని, నచ్చితే ప్రసారానికి పనికొచ్చే నాణ్యతలో దించుకుంటాడు. ఎంపీ3 కాదు, మొదట చెప్పిన ఆ 42 మెగాబైట్ల బరువుది. అప్పటికి ఆఫీసులకు బ్రాడ్‌బ్యాండ్ వచ్చేసింది. 1.5 మెగాబిట్ల లైను మీద అది నాలుగు నిమిషాల పని, పాట మోగేంత సేపే.

ఇందులో భద్రత మూడు పొరలు. ఎన్‌క్రిప్షన్ గురించి చెప్పడానికి కొత్తేమీ లేదు, అందరూ వాడేదే. రెండో పొర దగ్గరే నేను ఆగిపోయాను. అది బయోమెట్రిక్. వేలిముద్ర యంత్రం కాదు. మనిషి పాస్‌వర్డ్ కొట్టే లయ.

మీ పాస్‌వర్డ్‌ను ఒకసారి గాలిలో కొట్టి చూడండి. మొదటి రెండు అక్షరాలు టకటకా పడతాయి, అంకె దగ్గర చిన్న ఆగు, చివరి అక్షరం మీద వేలు కొంచెం ఎక్కువసేపు నిలబడుతుంది. ప్రతి మీటనూ ఎన్ని మిల్లీసెకన్లు నొక్కి ఉంచారు, ఒక దాన్నుంచి ఇంకోదానికి వెళ్ళడానికి ఎన్ని పట్టింది అని కొలిస్తే ఆ వరస మీ సంతకం లాంటిది. పాస్‌వర్డ్ తెలిసినవాడు కూడా మీలాగా కొట్టలేడు. ఇది కంప్యూటర్ల కాలంలో పుట్టిన ఆలోచన కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో శత్రువుల మోర్స్ (చుక్కలు, గీతల టెలిగ్రాఫ్ భాష) సందేశాలు వినేవాళ్ళు, అందులో ఏముందో అర్థం కాకపోయినా, కొడుతున్నది ఏ ఆపరేటరో చేతివాటాన్ని బట్టి పోల్చుకునేవాళ్ళు. మన దగ్గర చేతివాటం అంటే దొంగతనం, ఇక్కడ మాత్రం దొంగను పట్టించేది. 1980లో అమెరికాలోని ర్యాండ్ సంస్థ ఏడుగురు టైపిస్టులతో ప్రయోగం చేసి, టైపింగ్ లయతో మనిషిని గుర్తుపట్టొచ్చని నివేదిక ఇచ్చింది. మొదట్లో చెప్పానే, రెండు తాళాలు ఒకటయ్యే చోటని, అది ఇదే. పాట తలుపు తెరుచుకోవాలంటే వేళ్ళు తాళం తప్పకూడదు.

ఇది అంత గొప్పదా అంటే నాకు అనుమానమే. వేలికి కట్టు కడితే లయ మారుతుంది. కీబోర్డు మారిస్తే మారుతుంది. చెవికి ఫోను ఆనించి ఒంటిచేత్తో కొడితే మారుతుంది. కానీ రేడియో స్టేషన్‌లో అసలు సమస్య వేరు. నలుగురు ఉద్యోగులు ఒకే పాస్‌వర్డును కాగితం మీద రాసి మానిటర్‌కు అంటించుకుంటారు. ఈ పద్ధతిలో ఆ కాగితం ఎందుకూ కొరగాదు.

మూడో పొర వాటర్‌మార్క్. పాటలో చెవికి దొరకని గుర్తును కలుపుతారు. పెద్ద శబ్దం పక్కన చిన్న శబ్దం మనకు వినబడదు కదా, ఎంపీ3 వాళ్ళు ఆ చిన్న శబ్దాన్ని పారేశారు, వీళ్ళు అదే చాటున గుర్తు దాచారు. ఒక్కో స్టేషన్‌కు వెళ్ళే ప్రతికి ఒక్కో గుర్తు. పాట ఇంటర్నెట్‌లో తేలితే ఏ గుమ్మం దాటి వచ్చిందో తెలిసిపోతుంది. సినిమా రంగంలో 2004లో ఇదే జరిగింది. ఆస్కార్ ఓటర్లకు పంపిన క్యాసెట్లు నెట్‌లోకి ఎక్కితే, గుర్తును బట్టి అవి ఒక అకాడమీ సభ్యుడికి పంపిన ప్రతులని తేల్చి, ఆయన్ను అకాడమీ నుంచి వెలివేశారు.

తేడా గమనించారా? ఇక్కడ అందుకునేవాడు శత్రువు కాదు. స్టేషన్‌కు రేపు కూడా పాటలు కావాలి, కాబట్టి పేరు పోగొట్టుకోడు. కొరియర్ కోసం ఎదురుచూపు తప్పింది కాబట్టి తాళం అతనికి బరువనిపించదు. ఖర్చు పెట్టేది పంపేవాడే. రెండు వైపులా మేలు ఉన్నచోట లాగిన్ కష్టాన్ని ఎవరూ పెద్దగా తిట్టుకోరు.

కంపెనీ కెనడాలో త్వరగా అల్లుకుపోవడానికి ఇంకో రెండు కారణాలు కనబడతాయి నాకు. పెద్ద రికార్డు కంపెనీల కెనడా శాఖలన్నీ టొరంటో, దాని చుట్టుపక్కలే. నాలుగు తలుపులు తడితే దేశంలో వచ్చే పాటల్లో చాలా భాగం చేతికొస్తుంది. రెండోది ఆ దేశపు చట్టం. 1971 నుంచి కెనడా రేడియోలు స్వదేశీ పాటలను కనీసం ఇంత శాతం వేయాలన్న నిబంధన ఉంది. మొదట 30 శాతం, 1999 నుంచి జనరంజక సంగీతానికి 35. ఏది స్వదేశీ అని తేల్చడానికి అప్పట్లో నాలుగు ప్రశ్నలు: సంగీతం ఎవరిది, కళాకారుడెవరు, ప్రదర్శన లేదా రికార్డింగు ఎక్కడ జరిగింది, సాహిత్యం ఎవరిది. నాలుగింటిలో కనీసం రెండు కెనడావి కావాల్సి వచ్చేది. సీడీ మీద దానికో ముద్ర వేసేవాళ్ళు. ఫైలుగా పంపితే ఆ వివరం పాటతో పాటే ప్రయాణిస్తుంది. స్టేషన్‌కు శాతం లెక్క సుళువవుతుంది. ఊరూ పేరూ లేని స్వతంత్ర గాయకులకు కూడా దారి దొరికింది. వందల సీడీలు పోస్టు చేయలేని వాళ్ళు పెద్ద కంపెనీల పాటల పక్కనే తమ పాటను అదే పెట్టెలో పెట్టగలిగారు. పెద్దవాళ్ళు వచ్చారని స్టేషన్లు, స్టేషన్లు ఉన్నాయని చిన్నవాళ్ళు.

అమెరికాకు వెళ్ళాక ఆ వేగం లేదు. అక్కడ స్టేషన్లు వందల్లో కాదు, వేలల్లో. పైగా పోటీదారు కూడా కెనడా వాడే. వాంకూవర్‌కు చెందిన డెస్టినీ మీడియా, ప్లే ఎంపీఈ అనే వ్యవస్థతో యూనివర్సల్ లాంటి పెద్ద కంపెనీని పట్టేసింది. పాటలను స్టేషన్లకు పంపే పద్ధతి మీద పేటెంట్‌ను ఉల్లంఘించారంటే లేదని రెండు కెనడా కంపెనీలూ వెళ్ళి అమెరికాలోని విస్కాన్సిన్ ఫెడరల్ కోర్టులో కొట్లాడుకున్నాయి. ఇంటి తగాదాకు పొరుగూరి పంచాయితీ. ఈ వివరాల్లో పాఠమేమీ లేదు గాని, పేటెంట్ మీద ఇంటర్‌ట్రస్ట్ లాగా అందరికీ పంట పండదని మాత్రం తెలుస్తుంది.

కంపెనీ తర్వాత తన గొట్టంలో వేరే సరుకు పోయడం నేర్చుకుంది. పాట పోగా లేనిది మ్యూజిక్ వీడియో ఎందుకు పోదు? వీడియో పోతే టీవీ వ్యాపార ప్రకటన ఎందుకు పోదు? ప్రకటన కూడా పాట లాంటిదే. ఫలానా తేదీకి ముందు బయటపడకూడదు, వందల చానళ్ళకు ఒకేసారి చేరాలి, చేరినట్టు రుజువు కావాలి. పైగా ప్రకటనకర్త ప్రతి ప్రతికీ డబ్బిస్తాడు. అవార్డుల పోటీలకు పాటలు సమర్పించడం, న్యాయనిర్ణేతలు వినడం, ఓటు వేయడం కూడా ఇదే వ్యవస్థ మీదకు వచ్చాయి. పెద్ద కంపెనీ ఎప్పుడూ కాలేదు. లిక్విడ్ ఆడియో మొదటి రోజుల హంగామా దీనికి ఒక్కనాడూ లేదు.

ఒక్కసారి 2007కు వెనక్కి వెళ్దాం. ఆ ఏడు మ్యూజిక్రిప్ట్ పేరు మార్చుకుని యాంగరూ అయింది. క్రిప్ట్ అంటే ఇంగ్లీషులో సమాధి గది అని కూడా అర్థముంది. మార్చింది అందుకేనని నేను అనడం లేదు. అదే ఏడు ఫిబ్రవరి 6న ఆపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్ బహిరంగ లేఖ రాశాడు, రికార్డు కంపెనీలు ఒప్పుకుంటే పాటలకు తాళాలు తీసేస్తామని. ఏప్రిల్‌లో ఈఎంఐ అనే రికార్డు కంపెనీ ఒప్పుకుంది. మే నెలాఖరున ఆపిల్ పాటల దుకాణం ఐట్యూన్స్‌లో తాళం లేని పాటలు వచ్చాయి. సంబరపడి దించుకున్నవాళ్ళలో కొందరు ఫైలును విప్పి లోపల చూశారు. తాళం నిజంగానే లేదు. కొన్నవాడి పేరు, ఈమెయిల్ చిరునామా మాత్రం పాట పక్కనే రాసి ఉన్నాయి.

ఇక ప్రశ్నలు అడగండి.