జీపీఎస్ బాక్స్ బ్యాకప్ బ్యాటరీ రివ్యూ: తప్పు డ్రైవర్‌దా, వైరుదా?

నమస్తే అండీ. టేబుల్ మీద కనిపిస్తున్న ఈ నల్ల పెట్టె నిన్న సాయంత్రం విజయవాడ ఆటోనగర్‌లో ఒక ట్యాంకర్ నుంచి విప్పి తెచ్చిన జీపీఎస్ బాక్స్. ఏఐఎస్ 140 రకం, అంటే బండ్ల జీపీఎస్ బాక్సులకి మన దేశంలో ఉన్న ప్రమాణం ప్రకారం చేసింది. రెండు వేసవులు చూసింది. కంపెనీ పేరు చెప్పను. ఇవాళ మనం చూడబోయే లోపాలు ఏ కంపెనీ బాక్స్‌లోనైనా వస్తాయి, నా దగ్గరికి వచ్చినవాటిలో చాలావరకు బిగించిన తీరు వల్ల వచ్చినవే.

రివ్యూ ఎందుకంటే, ఈ బాక్స్ వల్ల ఒక డ్రైవర్ నెల రోజులుగా మాట పడుతున్నాడు. ఓనర్ ఫోన్‌కి రోజూ "మెయిన్ బ్యాటరీ తీసేశారు" అని అలర్ట్ వస్తోంది. తర్వాత పది నిమిషాలు బండి మ్యాప్‌లో కనిపించదు. ఆ పది నిమిషాల్లో డీజిల్ తీస్తున్నాడని ఓనర్ అనుమానం. బాక్స్ అమ్మినవాళ్లు రెండుసార్లు లోపలి బ్యాటరీ మార్చి, "మాది బాగానే ఉంది, మీ డ్రైవరే వైరు పీకుతున్నాడు" అన్నారట. పదిహేనేళ్లుగా లారీ నడుపుతున్న మనిషిని అంత తేలిగ్గా దొంగ అనేస్తారా? నాకు నిజంగా కోపం వచ్చింది. నిజం ఏమిటో లాగ్‌లోనే, అంటే బాక్స్ పంపిన డేటా రికార్డులోనే ఉంది, ఎవరూ తెరిచి చూడలేదు.

ఏఐఎస్ 140 బాక్స్ సర్వర్‌కి పంపే ప్రతి సాధారణ ప్యాకెట్‌లో, అంటే ఒక్కో విడత పంపే డేటాలో, రెండు వోల్టేజీలు ఉంటాయి. ఒకటి లారీ బ్యాటరీ నుంచి వచ్చే మెయిన్ వోల్టేజ్, రెండోది లోపల ఉన్న చిన్న లిథియం సెల్‌ది. యాప్‌లో మనకి మ్యాప్, అలర్ట్ మాత్రమే చూపిస్తారు. మీ సర్వీస్ వాళ్లని "ఆ రోజు రా డేటా ఇవ్వండి" అని, అంటే బాక్స్ పంపిన ప్యాకెట్లు ఉన్నవి ఉన్నట్టుగా ఇవ్వమని అడగండి.

ఈ ట్యాంకర్ రా డేటా స్క్రీన్ మీద చూడండి. స్పీడ్ 54. ఇగ్నిషన్ ఆన్. మెయిన్ వోల్టేజ్ 27.9. తర్వాతి ప్యాకెట్‌లో స్పీడ్ 51, మెయిన్ సున్నా. ఆ తర్వాత మళ్లీ 27.8. హైవే మీద 50 దాటిన వేగంలో, రెండు చేతులూ స్టీరింగ్ మీద ఉండగా, డ్రైవర్ వైరు పీకి మళ్లీ పెట్టగలడా? ఇది కుదుపుకి ఊగుతున్న జాయింట్. లారీ బ్యాటరీ మెయిన్ స్విచ్ ఆపితే ఇలా ఉండదు. బండి ఆగాక, ఇగ్నిషన్ ఆఫ్ అయ్యాక మెయిన్ ఒక్కసారిగా సున్నా అయి, మళ్లీ స్విచ్ వేసేదాకా అలాగే ఉంటుంది. బాక్స్ మూత తెరిస్తే దానికి వేరే అలర్ట్ ఉంది.

అందుకే ముందు లారీ దగ్గరికి వెళ్లాం. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్స్ మీద మీటర్ పెడితే 28.1. ఇది మంచి చార్జింగే. బాక్స్ వైర్ల దగ్గర 26.3. అంటే దారిలో దాదాపు 2 వోల్ట్ పోతోంది. ఇంత చిన్న లోడ్‌కి అర వోల్ట్ పోయినా నేను అనుమానిస్తాను. మీటర్ ఒక కొన బ్యాటరీ మైనస్ మీద, ఇంకో కొన బాక్స్ నల్ల వైరు మీద పెట్టాను. పోతున్న వోల్టేజ్ అంతా అక్కడే దొరికింది. ఎర్త్ వైరుని పెయింట్ గీకకుండా క్యాబిన్ రేకుకి స్క్రూ కొట్టేశారు. కింద తుప్పు. వైరుని వేలితో కదిపితే బాక్స్‌కి అందే వోల్టేజ్ సున్నాకి పడిపోయింది. కెమెరాలో రికార్డ్ చేశాను, ఓనర్ కూడా పక్కనే ఉండి చూశారు.

మరి మ్యాప్‌లో పది నిమిషాలు కనిపించకపోవడం ఎందుకు? మెయిన్ పోతే బ్యాకప్ మీద నడవాలి కదా. నిబంధన ప్రకారం లోపలి బ్యాటరీ 4 గంటలు బాక్స్‌ని నడపాలి. ఇప్పుడు దాన్ని చూద్దాం.

సెల్ కనెక్టర్ విప్పి మీటర్ పెడుతున్నాను. 4.06. ఫుల్ చార్జ్ అయితే 4.2 కాబట్టి ఇది బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. బాక్స్ అమ్మినవాళ్లు కూడా ఇదే చూసి వెళ్లిపోయి ఉంటారు. నన్నడిగితే, ఊరికే ఉన్న సెల్ రీడింగ్‌ని అస్సలు నమ్మొద్దు. మళ్లీ కనెక్ట్ చేసి, బయటి 24 వోల్ట్ సప్లై తీసేస్తున్నాను. చూస్తూ ఉండండి. 3.8... 3.6... ఇప్పుడు సిమ్ సిగ్నల్ పంపింది, 3.2కి పడిపోయింది, లైట్లు ఆరిపోయాయి. బాక్స్ మళ్లీ మొదటి నుంచి స్టార్ట్ అవుతోంది. నిమిషం కూడా నిలబడలేదు. మోడెమ్, అంటే సిమ్ ద్వారా డేటా పంపే భాగం, డేటా పంపే క్షణంలో ఎక్కువ కరెంట్ లాగుతుంది. 2జీ మీద ఉన్నప్పుడు అది 2 ఆంపియర్ల దాకా వెళ్తుంది. పాతబడిన సెల్‌లో ఇంటర్నల్ రెసిస్టెన్స్, అంటే కరెంట్‌కి లోపలి అడ్డు, పెరిగిపోయి, ఆ క్షణానికి వోల్టేజ్ కుప్పకూలుతుంది. ఇలా మళ్లీ మళ్లీ స్టార్ట్ అవ్వడంలోనే ఆ పది నిమిషాలు పోతున్నాయి.

రెండుసార్లు మార్చిన సెల్ ఇంత తొందరగా ఎందుకు పోయింది? రెండు కారణాలు దొరికాయి. మొదటిది వేడి. బాక్స్‌ని అద్దం కింద, డ్యాష్‌బోర్డ్ పైభాగంలోనే బిగించారు. మే నెల మధ్యాహ్నం అక్కడ చెయ్యి కూడా పెట్టలేం. మామూలు లిథియం సెల్‌ని 45 డిగ్రీలు దాటాక చార్జ్ చేయకూడదు, అందుకే బాక్స్ టెంపరేచర్ చూసి చార్జింగ్ ఆపేయాలి. మీ లాగ్‌లో మెయిన్ 28 ఉన్నా లోపలి వోల్టేజ్ మధ్యాహ్నం పెరగక, రాత్రి నడిపినప్పుడు పెరుగుతుంటే సమస్య వేడిదే. బాక్స్ చోటు మార్చండి చాలు.

రెండోది నాకు బాధ కలిగించింది. పాత సెల్‌కి మూడు వైర్లు ఉండేవి, మూడోది టెంపరేచర్ సెన్సర్‌ది. మార్చినప్పుడు రెండు వైర్ల సెల్ వేసి, మూడో పిన్‌కి ఒక రెసిస్టర్ అతికించారు. దాంతో సెల్ ఎంత వేడెక్కినా బాక్స్‌కి తెలియదు, చార్జ్ చేస్తూనే ఉంటుంది. ఇదిగో, సెల్ ఉబ్బింది చూడండి. డీజిల్, పెట్రోల్ మోసే బండిలో ఇది! దయచేసి ఎవరూ ఇలా చేయకండి. ఉబ్బిన సెల్‌ని నొక్కొద్దు, పొడవొద్దు, బండిలో ఉంచొద్దు. బయట కొన్న సెల్ పెట్టేముందు కనెక్టర్ ప్లస్ మైనస్ మీటర్‌తో చూసుకోండి. ఒకేలా కనిపించే కనెక్టర్లలో కూడా ఎరుపు, నలుపు తిరగబడి ఉంటాయి.

ఇంకొకటి త్వరగా చెప్పేస్తాను. మీది 24 వోల్ట్ లారీ అయినా లాగ్‌లో మెయిన్ 14 దగ్గర కనిపిస్తుంటే, ఎవరో వరుసగా కలిపిన రెండు 12 వోల్ట్ బ్యాటరీల మధ్య నుంచి బాక్స్‌కి కనెక్షన్ ఇచ్చి ఉండొచ్చు. దానివల్ల ఒక బ్యాటరీ ఎప్పుడూ తక్కువ చార్జ్‌లో, ఇంకోటి ఎక్కువ చార్జ్‌లో ఉండి రెండూ పాడవుతాయి. చాలా బాక్సులు 9 నుంచి 36 వోల్ట్ దాకా తీసుకుంటాయి. లేబుల్ చదివి, నేరుగా 24 నుంచి, బ్యాటరీ దగ్గరే ఫ్యూజ్ పెట్టి ఇవ్వండి.

ఇక బాక్స్ ఎలా ఉందంటే, సర్క్యూట్ బోర్డు బాగుంది, చార్జింగ్ భాగం బాగుంది. మంచి సెల్ వేస్తే మళ్లీ వాడొచ్చు. బిగింపుకి మాత్రం నేను సున్నా మార్కులు వేస్తాను.

ఇప్పటిదాకా మీరు చూసింది నిన్న రాత్రి తీసిన వీడియో. ఆ రాత్రే మూడు వైర్ల అసలు సెల్ వేసి, ఎర్త్ నేరుగా బ్యాటరీ మైనస్‌కి లాగి, బాక్స్‌ని సీటు వెనక నీడలోకి మార్చాం. ఫ్యూజ్ తీసి టైమ్ పెట్టాం. 4 గంటల 20 నిమిషాలకి కూడా లొకేషన్ వస్తూనే ఉంది, సెల్ 3.6 దగ్గర ఉంది. ఓనర్ గారు రా డేటా మొత్తం చదివి, అక్కడే డ్రైవర్‌కి ఫోన్ చేసి "తప్పు నాదిరా, రేపు విశాఖ లోడ్ నువ్వే తీసుకెళ్లు" అన్నారు. పొద్దున ఐదింటికి బండి బయల్దేరింది. ఇప్పుడు తుని దాటింది, మెయిన్ 28.0, లోపల 4.18.