రోజుకు ఒక కోట, ఒక నీటిగట్టు: స్కాట్లాండ్ ప్రయాణంపై ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. బ్రిటన్‌లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దలూ, అక్కడ చదువుకుంటున్న యువతీయువకులూ స్కాట్లాండ్ పల్లెసీమల్లో ఎలా తిరగాలి, ఏ కోటలు చూడాలి అని మమ్మల్ని తరచుగా అడుగుతున్నారు. అందుకే చాలా ఏళ్లు ఇన్వర్నెస్‌లో నివసించి, ఎన్నో తెలుగు కుటుంబాలకు ప్రయాణ పథకాలు వేసి ఇచ్చిన అతిథిని ఈరోజు ఆహ్వానించాం. నమస్కారమండీ.

అతిథి: నమస్కారం. ఫోన్లు మొదలయ్యే ముందు ఒక్క మాట చెబుతాను. అక్కడ సరస్సును ‘లాఖ్’ అంటారు. మనలో చాలామంది అక్షరాలు చూసి ‘లోచ్’ అని చదువుతారు కాని, చివర పలికేది మన ‘ఖ’కు దగ్గరగా ఉండే ధ్వని. సముద్రం కొండల మధ్యకు చొచ్చుకువచ్చిన పాయను కూడా లాఖ్ అనే అంటారు కాబట్టి, కొన్ని లాఖ్‌లలో ఉన్నది మంచినీరు, కొన్నింటిలో ఉప్పునీరు.

వ్యాఖ్యాత: మొదటి ఫోన్ గుంటూరు నుంచి. చెప్పండి.

శ్రోత (గుంటూరు): నమస్కారమమ్మా. నేను రిటైరైన ఉపాధ్యాయుణ్ణి. మా అబ్బాయి గ్లాస్గోలో ఉంటాడు. జూన్‌లో నేనూ మా ఆవిడా వెళ్తున్నాం. వాడు ఆరు రోజులు సెలవు పెట్టి ఎడిన్‌బరా, స్టర్లింగ్, లాఖ్ లోమండ్, గ్లెన్‌కో, స్కై దీవి, లాఖ్ నెస్, ఇన్వర్నెస్ అన్నీ చూపిస్తానంటున్నాడు. ప్రతి రాత్రీ ఒక కొత్త ఊళ్లో బస. ఆమెకు మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. ఇది మాకు సాధ్యమేనా అమ్మా?

అతిథి: మాస్టారూ, మీ అబ్బాయి ప్రేమతోనే ఆ పథకం వేశారు. అయినా అందులో సగం తీసేయమని చెప్పండి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు అయిదు రోజుల్లో తొమ్మిది కోటలు చూశాను. తిరిగి వచ్చి ఫొటోలు ముందు పెట్టుకుంటే ఏ గోడ ఏ కోటదో చెప్పలేకపోయాను. ఆనాటి బాధ ఇంకా గుర్తుంది. అందుకే ఇప్పుడు ఎవరు అడిగినా రోజుకు ఒక కోట, ఒక నీటిగట్టు చాలని చెబుతున్నాను. అక్కడ కోటకూ నీటికీ సంబంధం ఉంది. కొండల మధ్య సరైన బాటలు లేని కాలంలో పడవ పోయే నీరే రహదారి కాబట్టి, ఆ నీటిని కాపలా కాయగలిగిన చోటల్లా ఒక కోట లేచింది. గట్టున కాసేపు కూర్చుని ఆ నీరు ఎటునుంచి ఎటు పోతోందో చూసుకున్నాక లోపలికి వెళితే, ఆ కోట అక్కడే ఎందుకు ఉందో ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది.

స్కై దీవిని ఈసారికి వదిలేయండి. మొదటి రెండు రోజులు గ్లాస్గోలో ఇంటి నుంచే తిరిగి, తర్వాత మూడు రాత్రులు ఫోర్ట్ విలియంలో ఒకే బసలో ఉండండి. స్టర్లింగ్‌కు గ్లాస్గో నుంచి రైల్లో ముప్పావు గంట లోపే వెళ్లవచ్చు. మన శాస్త్రాలు గిరిదుర్గం అన్నదానికి అది చక్కని ఉదాహరణ. 1297లో విలియం వాలెస్ ఇంగ్లండ్ సైన్యాన్ని ఓడించిన వంతెన ప్రాంతమూ, 1314లో స్కాట్లాండ్ రాజు రాబర్ట్ బ్రూస్ గెలిచిన బానక్‌బర్న్ నేలా ఆ కోటకు చేరువలోనే ఉన్నాయి. 1543లో స్కాట్లాండ్ రాణి మేరీకి అక్కడే పట్టాభిషేకం జరిగింది, అప్పటికి ఆమె వయసు తొమ్మిది నెలలు. స్టేషన్ నుంచి కోటకు దారి నిట్టనిలువుగా ఎక్కుతుంది కాబట్టి అమ్మగారిని టాక్సీలో తీసుకువెళ్లండి. రెండో రోజు కారులో లాఖ్ లోమండ్ గట్టు వెంట వెళ్లి, కొండ దాటి, లాఖ్ ఫైన్ ఒడ్డున ఉన్న ఇన్వరరే చేరుకోండి. అది పద్దెనిమిదో శతాబ్దంలో కట్టిన జమీందారీ భవనంలాంటి కోట కాబట్టి మోకాళ్లకు అంత శ్రమ ఉండదు. ఆ కొండ కనుమ పేరు ‘రెస్ట్ అండ్ బి థాంక్‌ఫుల్’. పద్దెనిమిదో శతాబ్దంలో ఆ బాట వేసిన సైనికులు, ఎక్కి అలిసినవాళ్లు కాసేపు ఆగి దేవుణ్ణి తలచుకోమని అక్కడ రాయి నాటారు. వానలకు అక్కడ కొండచరియలు జారి రోడ్డు మూసేస్తుంటారు, బయలుదేరే ముందు ఒకసారి కనుక్కోండి.

శ్రోత (గుంటూరు): మరి గ్లెన్‌కో, లాఖ్ నెస్ ఉంటాయా అమ్మా?

అతిథి: తప్పకుండా ఉంటాయి. ఫోర్ట్ విలియం వెళ్లే దారిలోనే గ్లెన్‌కో లోయ వస్తుంది. అక్కడ కారు ఆపి దిగండి. 1692 ఫిబ్రవరి 13న, దాదాపు రెండు వారాలు ఆ లోయలోని మక్‌డొనాల్డ్ వంశం వాళ్ల ఇళ్లలో తిని, వాళ్ల పొయ్యిల దగ్గరే చలికాచుకున్న ప్రభుత్వ సైనికులు తెల్లవారుజామున లేచి, ఉప్పు పెట్టిన వాళ్లనే నరికారు. ముప్పై ఎనిమిది మంది చనిపోయారంటారు. మంచులోకి పారిపోయి చలికి ప్రాణాలు వదిలిన స్త్రీలూ పిల్లలూ వేరు. ఈ సంగతి తెలియకుండా చూస్తే అది అందమైన లోయ మాత్రమే. తెలిసి చూస్తే ఎవరికైనా నోట మాట రాదు. మరునాడు ఫోర్ట్ విలియం నుంచి మల్లేగ్ రేవుకు వెళ్లే రైలెక్కి ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చోండి. ఇరవై ఒక్క కమానుల గ్లెన్‌ఫినన్ వంతెన వంపు తిరిగేటప్పుడు కింద లాఖ్ షీల్ కనబడుతుంది. దాని ఒడ్డునే 1745లో చార్లెస్ ఎడ్వర్డ్ స్టూవర్ట్ యువరాజు బ్రిటన్ సింహాసనం కోసం తిరుగుబాటు పతాకం ఎత్తాడు. రోజుకు కొన్ని రైళ్లే నడుస్తాయి కాబట్టి తిరుగు రైలు వేళ ముందే రాసిపెట్టుకోండి. అరవై దాటినవాళ్లు పాస్‌పోర్టు చూపి సీనియర్ రైల్‌కార్డు కొనుక్కుంటే చార్జీలో మూడో వంతు తగ్గుతుంది.

లాఖ్ నెస్ గట్టున ఉన్న అర్కర్ట్ కోట శిథిలం. 1692లో కోటను ఖాళీ చేస్తున్న సైనికులే, అది శత్రువుల చేతికి చిక్కకూడదని ద్వారభవనాన్ని మందుగుండుతో పేల్చేశారు. ఆనాడు విరిగిపడిన గోడ ముక్క ఇప్పటికీ అక్కడే ఉంది. అమ్మగారు బురుజు ఎక్కనవసరం లేదు. పైన సందర్శకుల కేంద్రం నుంచే కోటా లాఖూ కలిసి కనబడతాయి. కాలు నొప్పి ఉన్నవాళ్లకు ఆ చోటే మేలని నా అభిప్రాయం.

వ్యాఖ్యాత: సంతోషం మాస్టారూ. తర్వాతి శ్రోత ఇంగ్లండ్‌లో చదువుకుంటున్న హైదరాబాద్ అమ్మాయి.

శ్రోత (న్యూకాసిల్): నమస్తే మేడమ్. మేం నలుగురం స్నేహితులం కారు అద్దెకు తీసుకుని హైలాండ్స్ కొండసీమకు వెళ్దామనుకుంటున్నాం. నా దగ్గర తెలంగాణ లైసెన్సు ఉంది. అక్కడి సన్నని రోడ్ల మీద నడపడం కష్టమా?

అతిథి: ముందు ఒకటి చెప్పమ్మా. నువ్వు బ్రిటన్‌కు వచ్చి ఎన్నాళ్లయింది?

శ్రోత (న్యూకాసిల్): పద్నాలుగు నెలలు అయింది మేడమ్.

అతిథి: అయితే నువ్వు నడపకూడదు. అక్కడ నివాసం మొదలైన నాటి నుంచి పన్నెండు నెలల వరకే మన లైసెన్సు చెల్లుతుంది. ఆ తర్వాత అక్కడి పరీక్షకు కూర్చుని, అక్కడి లైసెన్సు తెచ్చుకోవలసిందే. ఈ గడువు తెలియక, బీమా లేకుండా నడిపి చిక్కుల్లో పడిన పిల్లలను నేను చూశాను. ఇది చెప్పకుండా దారుల గురించి చెబితే నాది తప్పవుతుంది. మీలో ఏడాది దాటనివాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లు నడపవచ్చు కాని, అద్దె సంస్థలు వయసుకూ లైసెన్సు అనుభవానికీ వేరే షరతులు పెడతాయి.

ఇక సన్నని రోడ్ల సంగతి. అక్కడా మనలాగే ఎడమవైపు నడపాలి. పలకల మీద దూరాలూ వేగాలూ మైళ్లలో ఉంటాయి. కొండల్లో చాలాచోట్ల ఒక్క కారుకే చోటుంటుంది. ఎదురుగా వచ్చే బండికి దారి ఇవ్వడానికి అక్కడక్కడ రోడ్డును కాస్త వెడల్పు చేసి ‘పాసింగ్ ప్లేస్’ అని పలక పెడతారు. అది మీకు ఎడమవైపు ఉంటే అందులోకి తప్పుకోండి. కుడివైపు ఉంటే మీరు రోడ్డు మీదే దానికి ఎదురుగా ఆగండి, అవతలివాళ్లు అందులోకి తిరిగి వెళ్లిపోతారు. వెనక ఎవరైనా తొందరగా వస్తుంటే వాళ్లకూ దారి ఇవ్వాలి, ఎందుకంటే అతను వైద్యుడో, పడవ అందుకోవలసిన రైతో కావచ్చు. ఫొటో కోసం మాత్రం ఆ చోట కారు నిలపవద్దు, అక్కడివాళ్ల దినచర్యను అంతకంటే ఇబ్బంది పెట్టే పని లేదు. గొర్రెలు రోడ్డు మీదే పడుకుంటాయి. చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు కాబట్టి పటాలు ముందే దించుకోండి. మద్యం తాగి నడపడంపై స్కాట్లాండ్ పరిమితి ఇంగ్లండ్ కంటే కఠినం, కనుక నడిపేవాళ్లు అసలు ముట్టకపోవడమే మంచిది.

శ్రోత (న్యూకాసిల్): గుడారం ఎక్కడైనా వేసుకోవచ్చని విన్నాం, అది నిజమేనా?

అతిథి: చాలావరకు నిజమే. 2003 నాటి భూసంస్కరణ చట్టం అక్కడి నేల మీద, నీటి మీద బాధ్యతతో తిరిగే హక్కును అందరికీ ఇచ్చింది. ఆ హక్కు కారుకు మాత్రం వర్తించదు. లాఖ్ లోమండ్ జాతీయ ఉద్యానంలో కొన్ని గట్ల మీద మార్చి నుంచి సెప్టెంబరు వరకు అనుమతి పత్రం ఉండాలి. నీళ్లు ఎంత ప్రశాంతంగా కనిపించినా ఈతకు దూకవద్దమ్మా. వేసవిలో కూడా ఆ చలికి ఒక్కసారిగా ఊపిరి బిగుసుకుపోతుంది.

వ్యాఖ్యాత: అనంతపురం నుంచి ఒక చరిత్ర అధ్యాపకులు వేచి ఉన్నారు.

శ్రోత (అనంతపురం): నమస్కారమండీ. మా దత్తమండలాలకు కలెక్టరుగా వచ్చిన మన్రో, కైఫీయత్తులు, అంటే గ్రామ చరిత్రలు సేకరింపజేసిన మెకంజీ ఇద్దరూ స్కాట్లాండ్ వాళ్లే కదా. వాళ్ల నేల చూడాలంటే ఎటు వెళ్లాలి?

అతిథి: ఈ ప్రశ్న అడిగినందుకు నాకు చాలా సంతోషంగా ఉందండీ. థామస్ మన్రో 1761లో గ్లాస్గోలో పుట్టి, అక్కడి విశ్వవిద్యాలయంలోనే చదివి, 1827లో మన పత్తికొండలో కలరాతో కన్నుమూశారు. కాలిన్ మెకంజీ లూయిస్ దీవిలోని స్టోర్నొవేలో పుట్టారు. అలపూల్ రేవు నుంచి ఆ ఊరికి పడవలో రెండున్నర గంటలకు పైగా పడుతుంది. ఏలూరుకు చెందిన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి తోడు లేకపోతే ఆయన సేకరణ అంతటిది అయ్యేది కాదని నేను గట్టిగా నమ్ముతాను. అంత దూరం వెళ్లలేకపోతే ఐలియన్ డోనన్ చూడండి. మూడు ఉప్పునీటి లాఖ్‌లు కలిసే చోట, చిన్న దీవి మీద ఉన్న జలదుర్గమది. కింటెయిల్ మెకంజీ వంశానికి అది పట్టుగొమ్మగా ఉండేది. 1719లో స్పెయిన్ సైనికులు అందులో కాపలా ఉండగా బ్రిటిష్ యుద్ధనౌకలు దాన్ని కూల్చేశాయి. రెండు వందల ఏళ్లు శిథిలంగా పడివున్నాక, మక్‌రే వంశస్థుడొకరు పూనుకుని 1932 నాటికి తిరిగి కట్టించారు. మీరు ఫొటోల్లో చూసేది చాలావరకు ఇరవయ్యో శతాబ్దపు కట్టడమని తెలిసి వెళ్లండి. చరిత్ర చెప్పేవారికి ఆ తేడా ముఖ్యం.

వ్యాఖ్యాత: చివరి ఫోన్ లెస్టర్ నుంచి.

శ్రోత (లెస్టర్): నమస్తే అండీ. మేం శాకాహారులం, ఆగస్టులో ఎనిమిదేళ్ల పాపతో లాఖ్ నెస్ వెళ్తున్నాం. మా అమ్మ కూడా అప్పటికి గుడివాడ నుంచి వస్తోంది. తిండికి ఇబ్బంది అవుతుందా? పాప కూడా ఒక ప్రశ్న అడుగుతానంటోంది.

అతిథి: వంటగది ఉన్న బస తీసుకోండి. పల్లెల్లో చాలా భోజనశాలలు రాత్రి ఎనిమిది దాటితే వంట ఆపేస్తాయి. మీ అమ్మగారు ఆవకాయ తెచ్చుకోవచ్చు కాని, పాల ఉత్పత్తులను మన దేశం నుంచి తేవడం నిషిద్ధం కాబట్టి నెయ్యి, పాలకోవా పెట్టెలో పెట్టవద్దని చెప్పండి. ఆగస్టులో మిడ్జ్ అనే పురుగులు గుంపులుగా కుడతాయి. ఆవగింజంత కూడా ఉండవు కాని, గాలి ఆడని సాయంత్రాల్లో నిలబడనివ్వవు. ఒంటి నిండా బట్టలు, ముఖానికి వల ఉండాలి. గొడుగు గాలికి తిరగబడుతుంది, టోపీ ఉన్న వానకోటు మేలు. ఇక పాపకు ఇవ్వండి.

పాప: ఆంటీ, లాఖ్ నెస్‌లో ఉంటుందనే నెస్సీ అనే పెద్ద జంతువు నిజంగా ఉందా?

అతిథి: ఆ నీటి లోతు 230 మీటర్ల దాకా ఉంటుంది తల్లీ, చిత్తడినేలలో కుళ్లిన మొక్కల రంగు కలిసి నల్లగా ఉంటుంది, అందుకే లోపల ఏముందో పైకి కనబడదు. 1934లో వచ్చిన, నెస్సీదని పేరుపడ్డ ఫొటో బొమ్మతో తీసినదని తర్వాత తేలింది. 2018లో శాస్త్రవేత్తలు లాఖ్ అంతటా నీటిని సేకరించి, అందులో ఏయే జీవుల జాడ ఉందో పరీక్షించారు. పెద్ద బల్లిలాంటి జంతువు ఆనవాలు దొరకలేదు, ఈల్ చేపల ఆనవాళ్లు మాత్రం ఎక్కడ చూసినా దొరికాయి. నువ్వు వెళ్లినప్పుడు అర్కర్ట్ కోట గోడ దగ్గర కూర్చుని, అలలు ఎటునుంచి వస్తున్నాయో చూసి ఒక పుస్తకంలో రాసుకో. పడవ వెళ్లిపోయిన చాలాసేపటికి కూడా ఒక అల గట్టుకు వచ్చి తగులుతుంది. అది ఏ పడవదో కనిపెట్టు.

పాప: సరే ఆంటీ, రాస్తాను.

అతిథి: అమ్మగారూ, ఆగస్టులో అర్కర్ట్‌కు జనం ఎక్కువగా వస్తారు. ప్రవేశ సమయం ఇంటి దగ్గరే బుక్ చేసుకుని, ఉదయం మొదటి వేళకే వెళ్లండి.