"గ్రీకులో ఇలా ఉంది" అంటే వాదన ముగిసినట్టేనా?

నమస్కారం. ముందు నిర్ణయం, అంటే ఎవరు రక్షణ పొందుతారో దేవుడు ముందే నిర్ణయించాడన్న బోధ, దాని మీద ఎక్కడ చర్చ జరిగినా, కాసేపటికి ఎవరో ఒకరు "అసలు గ్రీకులో ఏముందో చూడండి" అంటారు. ఆ మాటతో ఎదుటివారి నోరు మూతపడుతుంది. నాకు చిరాకు కలిగించేది అదే. ఆ ఎదుటివారూ అదే గ్రీకు చదివారు, అదే నిఘంటువు తెరిచారు. కాల్విన్ పక్షం, ఆర్మీనియస్ పక్షం 400 ఏళ్లుగా అవే మాటలను పట్టుకుని చెరోవైపు లాగుతున్నాయి. దేవుడు తన ఇష్టప్రకారమే మనుషులను ఎంచుకున్నాడన్నది కాల్విన్ పక్షం, ఎవరు విశ్వసిస్తారో ముందే తెలిసి ఎంచుకున్నాడన్నది ఆర్మీనియస్ పక్షం. ఇక నేరుగా మాటల్లోకి వెళదాం.

[తెర మీద: ప్రోఓరిజో]

మన బైబిల్లో "ముందుగా నిర్ణయించెను" అని చదువుకునే చోట గ్రీకులో ఉన్న క్రియ ఇది. "ప్రో" అంటే ముందు, "హోరిజో" అంటే హద్దు వేయడం. "హోరోస్" అంటే హద్దు, హద్దురాయి కూడా.

[తెర మీద: ఏథెన్సు హద్దురాయి]

ఈ రాయి ఏథెన్సులోని అగోరా, అంటే ఊరి సంత మైదానం, అంచున పాతింది, క్రీస్తుకు పూర్వం 500 ప్రాంతానిది. దాని మీద చెక్కిన మాట చూడండి: "నేను అగోరా హద్దును." రాయే మాట్లాడుతోంది! నాకు ఎంతో ఇష్టమైన శాసనం ఇది. ఈ రాయి మనకు రెండు సంగతులు చెబుతుంది. ఎవరో ముందే కొలిచి హద్దు వేశారు. దారిన పోయేవారికి నచ్చినా నచ్చకపోయినా ఆ హద్దు కదలదు. లోపల ఉన్నవారు తమంతట తాము నడిచి వచ్చారా, ఎవరైనా తెచ్చి నిలబెట్టారా అంటే మాత్రం రాయి చెప్పదు.

ఒక హెచ్చరిక. మాట పుట్టుక వేరు, వాడుకలో దాని అర్థం వేరు. బైబిల్ పండితులు ఈ రెంటినీ కలిపేస్తున్నారని జేమ్స్ బార్ అనే బైబిల్ పండితుడు 1961లోనే గట్టిగా మందలించాడు. కాబట్టి హద్దురాయిని రుజువుగా వాడకండి. పౌలు ఆ క్రియను ఎలా వాడాడో చూడటానికి ఒక ఆసరా, అంతే.

కొత్త నిబంధనలో ఈ క్రియ ఆరుసార్లు వస్తుంది. అపొస్తలుల కార్యములు 4:28లో ముందుగా నిర్ణయమైనది ఒక సంఘటన, యేసు సిలువ మరణం. 1 కొరింథీయులకు 2:7లో దేవుని జ్ఞానం. రోమా 8లో రెండుసార్లు, ఎఫెసీ 1లో రెండుసార్లు మనుషులు. మనుషుల గురించి చెప్పినప్పుడు "దేనికోసం" అన్నది కూడా పౌలు చెబుతాడు. రోమా 8:29లో కుమారుని సారూప్యానికి, ఎఫెసీ 1:5లో దత్తపుత్రులుగా స్వీకరించడానికి.

ఆర్మీనియస్ పక్షం పట్టుకునేది ఈ "దేనికోసం" అన్నదాన్నే. దేవుడు రాయి పాతింది గమ్యం దగ్గర, క్రీస్తులో ఉన్న ఎవరైనా అక్కడికి చేరతారు అంటారు. కాల్విన్ పక్షం జవాబు: పౌలు "దేనిని" అనలేదు, "ఎవరిని" అన్నాడు. ఖాళీ స్థలం చుట్టూ కాదు, మనుషుల చుట్టూ హద్దు వేశాడు. రోమా 8:29లో వ్యాకరణం కాల్విన్ పక్షానికే కాస్త మొగ్గుతుందని నా అభిప్రాయం. కానీ ఆ మనుషులను ఏ ఆధారంతో ఎంచుకున్నాడు? రాయి మళ్లీ మౌనం.

ఆ మౌనం వల్లే భారమంతా రోమా 8:29లోనే ఉన్న పక్క క్రియ మీద పడింది.

[తెర మీద: ప్రోగినోస్కో]

"దేవుడెవరిని ముందు ఎరిగెనో" అన్నచోట ఉన్నది ఇదే. కొత్త నిబంధనలో ఐదుసార్లు వస్తుంది. అపొస్తలుల కార్యములు 26:5లో పౌలు అగ్రిప్ప ముందు నిలబడి, యూదులు నన్ను మొదటినుంచీ ఎరుగుదురు అంటాడు. ఇక్కడ ఇది ఉత్త పరిచయమే. 2 పేతురు 3:17లో ముందుగా తెలుసుకున్నారు కాబట్టి జాగ్రత్తపడండి అని ఉంది. ఇక్కడ ఇది సమాచారం. కాబట్టి ఎవరు విశ్వసిస్తారో దేవునికి ముందే తెలుసు అన్న ఆర్మీనియస్ పక్షం వివరణ భాషకు విరుద్ధమేమీ కాదు.

కానీ 1 పేతురు 1:20 తీసుకోండి. జగత్తు పునాది వేయబడకముందే క్రీస్తును దేవుడు ముందుగా ఎరిగాడు. అది సమాచారం తెలిసి ఉండటమా? కానే కాదు. రోమా 11:2లో దేవుడు ముందు ఎరిగిన ప్రజ ఇశ్రాయేలు. దాని వెనక ఆమోసు 3:2 ఉంది: భూమి మీది వంశాలన్నిటిలో మిమ్మల్ని మాత్రమే ఎరిగాను. మిగతా జనాలు దేవునికి తెలియరనా? ఇక్కడ ఎరగడం అంటే తనవారిగా చేసుకోవడం. నిఘంటువులో రెండు అర్థాలూ ఉంటాయి. ఎంచుకోవలసింది వాక్యాన్ని చదివేవారే.

దీనికి నాకు దొరికిన గట్టి సాక్షి లాటినులో రాసిన పాతకాలపు సంఘ బోధకుడు అగస్టీను. 394 ప్రాంతంలో రోమా పత్రికను వివరిస్తూ, ఎవరు విశ్వసిస్తారో దేవుడు ముందే ఎరిగాడని రాశాడు. రెండు మూడేళ్లకే మిలాను సంఘ పెద్ద సింప్లిసియానుస్‌కు రాసిన జవాబులో దాన్ని వదిలేసి, ఆ విశ్వాసం కూడా దేవుడిచ్చిందే అన్నాడు. మధ్యలో ఏ గ్రీకు మాటకూ అర్థం మారలేదు. ఆయన్ను కదిలించింది రోమా 9వ అధ్యాయం. అదే కాలంలో, గ్రీకు మాతృభాషగా ఉన్న బోధకుడు క్రిసోస్తొము రోమా 8:28 దగ్గర, పిలుపు ఒక్కటే చాలదు, పిలుపు అందుకున్నవారి సంకల్పమూ కావాలి అని బోధించాడు. భాష వచ్చినంత మాత్రాన సిద్ధాంతం తేలిపోయేదే అయితే, గ్రీకు వాడిన తూర్పు సంఘాలు ఈ విషయంలో ఎప్పుడూ అగస్టీను వెంట నడవకపోవడాన్ని కాల్విన్ పక్షం ఎలా వివరిస్తుంది?

లాటిను బైబిల్ చేసిన పని కూడా గమనించండి. రోమా 1:4లో యేసును దేవుని కుమారునిగా నిరూపించాడు అన్నచోట గ్రీకులో ఉన్నది "హోరిజో" మాత్రమే, "ప్రో" లేదు. లాటినులో మాత్రం "ప్రేదెస్తినాతుస్" అని వచ్చింది. రాయి మీద లేని "ముందు" అన్న అక్షరాలు అనువాదంలో చెక్కినట్టయింది.

సమయం అయిపోవస్తోంది, మిగతావి త్వరగా చెబుతాను.

"హెల్కో", యోహాను 6:44లో "ఆకర్షించు". యోహాను 21:11లో చేపల వలను లాగిన క్రియ, అపొస్తలుల కార్యములు 16:19లో పౌలును, సీలను ఈడ్చుకుపోయిన క్రియ ఇదే. కాబట్టి అది ఉత్త ఆహ్వానం అనడం కుదరదు. అయితే యోహాను 12:32లో అదే క్రియతో యేసు "అందరినీ" అంటాడు. అన్ని జనాలవారినీ అని కాల్విన్ పక్షం చదువుతుంది. గ్రీకు దేశస్థులు వచ్చిన సందర్భం కాబట్టి అదీ కొట్టిపారేయదగ్గది కాదు.

"తాస్సో", అపొస్తలుల కార్యములు 13:48లో "నిర్ణయింపబడిన". గ్రీకులో ఆ రూపం "నిర్ణయింపబడినవారు" అనీ, "తమను తాము సిద్ధపరచుకున్నవారు" అనీ రెండు విధాలా చదవడానికి వీలిస్తుంది. అనువాదాలు చాలావరకు మొదటిదాన్నే ఎంచుకున్నాయి. నాకూ అదే సరి అనిపిస్తుంది. కానీ రెండు వచనాల ముందు, 46లో, మీరే మిమ్మల్ని నిత్యజీవానికి అపాత్రులుగా ఎంచుకున్నారు అని ఉంది. దాన్ని దాటేసి 48ని చదవకండి.

చివరిది "కతార్తిజో", రోమా 9:22. నాశనానికి సిద్ధపడిన ఉగ్రతాపాత్రలు. ఎవరు సిద్ధపరిచారో పౌలు చెప్పలేదు. తరువాతి వచనంలో కరుణాపాత్రల దగ్గరికి వచ్చేసరికి క్రియ మారింది, "ప్రో" వచ్చి చేరింది, దేవుడే ముందుగా సిద్ధపరిచాడని సూటిగా ఉంది. ఈ తేడా పౌలు కావాలనే ఉంచాడని నేను నమ్ముతాను. కాదనేవారు 9:18 చూపిస్తారు, ఫరోను కఠినపరచిన మాట. ఆ అధ్యాయం మొత్తానికి వేరే వీడియో చేస్తాను.