కొండకు దారిచ్చిన రోడ్డు

శ్రోతలకు నమస్కారం.

కొండల్లో రోడ్డంటే అడ్డొచ్చిన రాయిని పేల్చి, చెట్టును కొట్టి, ఎంత తొందరగా అవతలికి చేరతామా అని చూస్తారు. అమెరికాలోని బ్లూ రిడ్జ్ పార్క్‌వేని మాత్రం చుట్టూ చూసుకుంటూ నింపాదిగా వెళ్లడానికే వేశారు.

వర్జీనియా నుంచి నార్త్ కరోలినా దాకా, అపలాచియన్ కొండల మీదుగా సుమారు 755 కిలోమీటర్ల దారి ఇది. ఆర్థిక మాంద్యంలో జనం పనుల్లేక అల్లాడుతున్న 1935లో పని మొదలైంది. దీని మీద సరుకు లారీలను రానివ్వరు. ప్రకటనల బోర్డులు పెట్టనివ్వరు. చాలాచోట్ల గంటకు 72 కిలోమీటర్లు దాటకూడదు. వరస వెనక వరసగా నీలం కొండలు కనిపించేచోట ఆ వేగం కూడా ఎక్కువేనని నా అభిప్రాయం.

దారి దాదాపు పూర్తయినా, గ్రాండ్‌ఫాదర్ మౌంటెన్ దగ్గర ఓ ముక్క ఏళ్ల తరబడి ఆగిపోయింది. అక్కడ వాలంతా పెద్దపెద్ద బండరాళ్లు. తవ్వితే కొండ పాడవుతుంది. అందుకని ఇంజనీర్లు కొండ అంచు వెంబడే లిన్ కోవ్ వయాడక్ట్ అనే వంతెన కట్టారు. పొడవు 379 మీటర్లు. మొత్తం 153 కాంక్రీటు దిమ్మెలు. అప్పటికే బిగించిన వంతెన మీదుగానే తర్వాతి దిమ్మెను తెచ్చి చివర అతికించేవారు. నేల మీద చేసిన పనల్లా ఏడు స్తంభాలకు పునాదులు వేయడమే. వంతెన మెలికలు తిరుగుతుంది కాబట్టి అన్ని దిమ్మెల్లో తిన్నగా ఉన్నది ఒక్కటేనట! మరకలు పడకుండా కింది బండలను కప్పి ఉంచారు. పక్క రాళ్ల రంగులో కలిసిపోవాలని కాంక్రీటులో ఐరన్ ఆక్సైడ్ కలిపారు. ఒక కొండ కోసం ఇంత శ్రద్ధ పెట్టారని తెలిసినప్పుడు ఆ ఇంజనీర్ల మీద నాకెంతో గౌరవం కలిగింది.

1983లో వంతెన కట్టడం అయిపోయింది. 1987లో ఆ ముక్క తెరిచారు. మొదలుపెట్టిన 52 ఏళ్లకు దారి మొత్తం కలిసింది.

2024 సెప్టెంబరులో హెలీన్ తుఫానుకు కొండచరియలు విరిగిపడి, నార్త్ కరోలినా వైపు ఈ రోడ్డు చాలాచోట్ల దెబ్బతింది. వెళ్లే అవకాశం ఉన్నవాళ్లు ఏ భాగం తెరిచి ఉందో ముందే కనుక్కోండి. చలికాలంలో మంచు పడితే దారి మూసేస్తారు. రోడ్డు మీద పెట్రోలు బంకులుండవు, ట్యాంకు నింపుకునే ఎక్కండి. వ్యూ పాయింట్లు దారి పొడవునా ఉన్నాయి కాబట్టి, బండి నడిపేవాళ్లు కూడా అక్కడ ఆగి తీరిగ్గా చూడొచ్చు.