తప్పుల జాడ పట్టిన పండితురాలు: ఎడిత్ రికర్ట్, చాసర్ వ్రాతప్రతులు

[తెరపై: అంచులను ఎలుకలు కొరికేసిన ఒక చర్మపత్రం. కెమెరా నెమ్మదిగా మొదటి పంక్తి దగ్గరకు చేరుతుంది.]

వ్యాఖ్యానం: ఇది వేల్స్‌లోని అబెరిస్ట్‌విత్ పట్టణంలో, అక్కడి జాతీయ గ్రంథాలయం భద్రపరచిన హెంగ్‌వర్ట్ వ్రాతప్రతి. పద్నాలుగో శతాబ్దపు ఆంగ్లకవి జెఫ్రీ చాసర్ రచించిన కాంటర్‌బరీ టేల్స్‌కు, అంటే యాత్రికులు దారిలో చెప్పుకునే కథల కావ్యానికి, మనకు దక్కిన ప్రతులలో అతి పాతవాటిలో ఇది ఒకటి. కావ్యపు తొలి పంక్తిలో వసంతకాలపు నెల పేరు వస్తుంది. ఈ ప్రతిలో ఆ పేరు ‘ఆవెరిల్’ అని ఉంది. కాలిఫోర్నియాలోని హంటింగ్టన్ గ్రంథాలయంలో, బంగారు పూతతోనూ 23 మంది యాత్రికుల చిత్రాలతోనూ మెరిసే ఎల్స్‌మియర్ ప్రతిలో అదే చోట ‘ఏప్రిల్’ అని ఉంది. మొదటిది ఫ్రెంచి పోలిక ఉన్న రూపం, రెండోది లాటిన్‌కు దగ్గరి రూపం. చిత్రమేమిటంటే, ఈ రెండు ప్రతులనూ రాసినవాడు ఒకే వ్రాయసకాడని దస్తూరీని పరిశీలించిన పండితులలో ఎక్కువమంది అంటారు. చేయి అదే, పంక్తి అదే, మాటలు మాత్రం రెండు. మరి చాసర్ రాసినది ఏది?

1400లో చాసర్ మరణించేనాటికి కావ్యం పూర్తి కాలేదు. ఈ కథలలో ఆయన స్వహస్తంతో రాసిన పుట ఇదీ అని చూపించగలిగినది ఒక్కటి కూడా లేదు. మిగిలినవి ఎనభైకి పైగా నకళ్ళు. వాటిలో కొన్ని నిండు గ్రంథాలు, కొన్ని చిరిగిన ముక్కలు. అన్నిటినీ పక్కపక్కన పెట్టి, పంక్తి పంక్తినీ సరిచూసి, కవి మాట ఏదో తేల్చాలని 1924లో చికాగో విశ్వవిద్యాలయంలో ఇద్దరు పూనుకున్నారు. ఒకరు ఆంగ్ల విభాగాధిపతి జాన్ మాథ్యూస్ మాన్లీ. రెండో వ్యక్తి ఎడిత్ రికర్ట్. మనం చూడబోయేది ఆమె కథ.

[తెరపై: అమెరికా పటం, ఒహాయో రాష్ట్రం, తరువాత చికాగో, చివరకు అట్లాంటిక్ దాటి లండన్ నగరం.]

వ్యాఖ్యానం: రికర్ట్ 1871లో ఒహాయో రాష్ట్రంలో పుట్టారు. 1891లో వాసర్ మహిళా కళాశాలలో పట్టం పుచ్చుకుని, 1899లో చికాగోలో డాక్టరేట్ సాధించారు. పరిశోధనకు ఆమె ఎంచుకున్నది ‘ఎమారే’ అనే మధ్యయుగపు పద్యకథ. అది ఒకే ఒక్క వ్రాతప్రతిలో మిగిలిన కథ. పోల్చి చూడడానికి రెండో ప్రతి లేని కావ్యంతో మొదలుపెట్టిన మనిషి ఎనభై ప్రతుల కావ్యం దగ్గరికి చేరడం నాకు తమాషాగా తోస్తుంది.

ఆ రెంటికీ మధ్య పాతికేళ్ళు గడిచాయి, అవి తిన్నని దారిలో గడవలేదు. 1900లో ఇంగ్లండు వెళ్ళిన ఆమె దాదాపు తొమ్మిదేళ్ళు అక్కడే ఉండి, నవలలూ కథలూ రాసి, పాత గ్రంథాలను పరిష్కరించి బతుకు వెళ్ళదీశారు. అమెరికా తిరిగి వచ్చాక ప్రచురణ సంస్థలోనూ, ఒక మహిళా పత్రికలోనూ సంపాదకురాలిగా పనిచేశారు. విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ హోదా దక్కింది 1930లో, అంటే దాదాపు అరవయ్యో ఏట. డాక్టరేట్ పొందిన ముప్ఫై ఏళ్ళకు! ఆ కాలంలో పండితురాలైన స్త్రీకి ఉద్యోగం ఎంత ఆలస్యంగా తలుపు తీసేదో చెప్పడానికి ఈ ఒక్క లెక్క చాలు.

[తెరపై: అక్షరాలు తప్ప అర్థం లేని ఒక కాగితం. అక్షరాలు గళ్ళలో పడి, నిలువు వరుసలుగా కదులుతాయి.]

వ్యాఖ్యానం: ఇప్పుడు చాసర్‌ను కాసేపు పక్కన పెట్టి 1918కి వెళ్ళాలి. మొదటి ప్రపంచయుద్ధం నడుస్తోంది. అమెరికా సైన్యపు రహస్యలిపి విభాగంలో మాన్లీ చేరారు, రికర్ట్ కూడా వాషింగ్టన్ చేరుకున్నారు. ఆ ఏడాది ఫిబ్రవరిలో మెక్సికో సరిహద్దు దగ్గర పాబ్లో వాబర్స్కీ అనే పేరుతో తిరుగుతున్న ఒక మనిషిని పట్టుకున్నారు. అతని కోటు చేతి మడతలో కుట్టి దాచిన కాగితం బయటపడింది. దాని మీద ఉన్నవి 424 అక్షరాలు, మాటలు మాత్రం ఒక్కటీ లేవు.

ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెడితే ఆ నిష్పత్తి జర్మన్ భాషకు సరిపోయింది. అంటే అక్షరాలను మార్చలేదు, వాటి చోట్లను మాత్రమే తారుమారు చేశారన్నమాట. జర్మన్‌లో ‘సి’ అక్షరం ఒంటరిగా రావడం అరుదు. దాని వెంట ‘హెచ్’ గానీ ‘కె’ గానీ ఉంటుంది. కాబట్టి కాగితంలో ప్రతి ‘సి’కీ జత కాగల ‘హెచ్’ ఎంత దూరంలో ఉందో కొలిచి, ఒకే దూరం పదేపదే ఎక్కడ వస్తోందో చూశారు. దారం కొస అలా దొరికింది. మూడు రోజుల పట్టుదల తరువాత, ఆ కాగితం తెచ్చిన వ్యక్తి రష్యన్ పేరుతో తిరుగుతున్న జర్మన్ గూఢచారి అన్న వాక్యం బయటికి వచ్చింది. అతని అసలు పేరు లోథార్ విట్స్కే. సైనిక న్యాయస్థానం మరణశిక్ష వేసింది. తరువాత దానిని తగ్గించి, 1923లో విడుదల చేశారు.

ఈ సంగతిని ఇంత విస్తరించి చెప్పడానికి కారణం ఉంది. రహస్యలిపిని విప్పేవారు అర్థం కోసం ముందుగా తొందరపడరు, ముందు లెక్కపెడతారు. రికర్ట్ ఆ అలవాటును సాహిత్యంలోకి తెచ్చారు. 1927లో ఆమె వెలువరించిన గ్రంథంలో వాక్యాల పొడవునూ, పదాల రకాలనూ, ధ్వనుల పునరావృత్తినీ లెక్కించి శైలిని పరిశీలించే పద్ధతులు ఉన్నాయి. కంప్యూటర్లు లేని కాలంలో, పెన్సిలుతో గళ్ళ కాగితం మీద చేసిన పని అది.

[తెరపై: చికాగోలోని ఒక గది. బల్లల నిండా ఫోటో నకళ్ళు, పెట్టెల నిండా కార్డులు.]

వ్యాఖ్యానం: చాసర్ పనికి మొదటి అవసరం ప్రతులు. ఇంగ్లండులోనూ, ఇతర దేశాలలోనూ, గ్రంథాలయాలలోనూ, జమీందారీ కుటుంబాల ఇళ్ళలోనూ చెదిరి ఉన్న ప్రతులకు ఫోటో నకళ్ళు తీయించి చికాగో తెప్పించారు. పద్యమే సుమారు 17 వేల పంక్తులు, పైగా రెండు గద్య కథలు. ముద్రిత పాఠంలోని ఒక్కొక్క పంక్తిని కార్డు మీద రాసుకుని, దాని కింద ప్రతి వ్రాతప్రతిలో కనిపించే పాఠభేదాన్ని ఎక్కించారు. విద్యార్థులు ఏళ్ళ తరబడి ఈ పని చేశారు.

తరువాతిది తప్పుల తూకం. వ్రాయసకాడి కన్ను ఒక పంక్తి చివరి మాట నుంచి, అదే ప్రాసతో ముగిసే మరో పంక్తికి జారితే నడిమి పంక్తులు రాలిపోతాయి. అదే లోపం రెండు ప్రతులలో కనబడితే, ఆ రెండూ లోపం ఉన్న ఒక తల్లిప్రతి నుంచి పుట్టి ఉండవచ్చు. సరైన మాట ఎన్ని ప్రతులలో ఉన్నా బంధుత్వాన్ని తేల్చదు, ఎందుకంటే సరైన మాట అందరికీ కవి నుంచే రావచ్చు. బంధుత్వం చెప్పేది ఉమ్మడి తప్పు మాత్రమే. ఇదే సూత్రం మీద, అవే సంవత్సరాలలో పుణెలోని భండార్కర్ సంస్థలో మహాభారత సంశోధిత ముద్రణ సాగుతూ ఉండేది. తెలుగు లిపిలోని ప్రతులను కూడా అక్కడ అలాగే సరిచూశారు.

చాసర్ విషయంలో ఇలా ఉమ్మడి తప్పులను బట్టి గీసే ప్రతుల వంశవృక్షం నిలబడలేదు. ఒకే ప్రతిలో ఒక కథ ఒక శాఖకూ, మరో కథ మరో శాఖకూ చెందినట్టు తేలింది. కథలు విడివిడిగా చేతులు మారి, దొరికిన చోట దొరికినట్టు నకలుకు ఎక్కాయన్నమాట. పైగా ఒకరితో ఒకరికి సంబంధం లేని ఇద్దరు వ్రాయసకాళ్ళు ఒకే తేలిక తప్పును విడిగా చేయగలరు.

[తెరపై: హెంగ్‌వర్ట్ ప్రతిలో వంటవాడి కథ ఆగిపోయే పుట. కింద ఖాళీ, పక్కన ఒక చిన్న వాక్యం.]

వ్యాఖ్యానం: ఈ పుటను నిదానంగా చూడండి. వంటవాడి కథ మొదలై కొద్ది పంక్తులకే ఆగిపోయింది. మిగిలిన భాగం వస్తుందేమో అని వ్రాయసకాడు చోటు వదిలాడు. అది రాలేదు. అప్పుడు వేరే సిరాతో, చాసర్ ఈ కథను ఇంతకు మించి రాయలేదని పక్కన రాసుకున్నాడు. రెండు సిరాల మధ్య ఎంత కాలం గడిచిందో గానీ, ఒక మనిషి ఎదురుచూసి ఆశ వదులుకోవడం ఆ రంగు తేడాలో కనిపిస్తుంది. అచ్చుపుస్తకం దీనిని చూపించలేదు. వ్రాతప్రతిని వస్తువుగా కూడా చదవాలి, మడతలు ఎన్ని ఆకులవో, సిరా ఎక్కడ మారిందో, అంచున ఎవరి పేరు గీకి ఉందో గమనించాలి అన్నది రికర్ట్ పట్టుదల. అంచున కనిపించిన పేర్లను పట్టుకుని ఆమె లండన్ దస్తావేజుల కార్యాలయంలో వీలునామాలూ దావా కాగితాలూ తిరగేస్తూ, ఏ ప్రతి ఏ ఇంట పుట్టి ఎవరి చేతికి వెళ్ళిందో వెతికారు. ప్రతులలోని అలంకరణ చిత్రాల గురించి ఆమె చెల్లెలు, కళాచరిత్రకారిణి మార్గరెట్ రికర్ట్, ఒక అధ్యాయం రాశారు.

ఈ పనిలో ఆరోగ్యం దెబ్బతిన్న రికర్ట్ 1938 మే నెలలో మరణించారు. ఎనిమిది సంపుటాలు 1940లో వెలువడ్డాయి, ఆ ఏప్రిల్‌లోనే మాన్లీ కూడా కన్నుమూశారు. కాబట్టి విమర్శలకు బదులు చెప్పడానికి ఇద్దరూ మిగలలేదు. విమర్శలు గట్టివే: 1984లో జార్జ్ కేన్ అనే పండితుడు వారి వర్గీకరణ తర్కంలోని లోపాలను ఒక్కొక్కటిగా ఎత్తిచూపారు. వారు స్థాపించిన పాఠాన్ని ఈనాడు ఎవరూ చాసర్ మూలమని పట్టుకోరు. అయితే మొదటి సంపుటంలోని ప్రతుల వర్ణనలను మాత్రం ఈ రంగంలో పనిచేసేవారు ఇప్పటికీ తెరుస్తారు. హెంగ్‌వర్ట్ ప్రతి విలువను, ఎల్స్‌మియర్ అందానికి లొంగిపోకుండా, గట్టిగా ముందుకు తెచ్చినవారు కూడా వీరే.

[తెరపై: ఒక పుస్తకపు శీర్షిక పుట.]

వ్యాఖ్యానం: దస్తావేజులలో చాసర్ జీవితానికి సంబంధించి పోగుచేసిన సామగ్రి చికాగోలోనే ఉండిపోయింది. సుంకాల అధికారిగా అతని నియామకం, రాజు ఇచ్చిన భత్యాలు, వసూలు కాని బాకీలు వంటి 493 దస్తావేజులతో అది 1966లో గ్రంథంగా వచ్చింది. రికర్ట్ మరణించి అప్పటికి 28 ఏళ్ళు. సంపాదకులు మార్టిన్ క్రో, క్లెయిర్ ఓల్సన్ అని ఉన్న ఆ శీర్షిక పుట మీద, సామగ్రిని సేకరించినవారు జాన్ మాన్లీ, ఎడిత్ రికర్ట్ అని ఉంది.