సైరన్ వినపడగానే పేరు రాసేయకండి

అందరికీ నమస్కారం. శ్రీకాకుళంలో నిలబడి రేడియో గురించి మాట్లాడాలంటే నాకు ముందు గుర్తొచ్చేది తిత్లీ తుఫాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు పడిపోయాయి, కరెంటు లేదు, మా వాళ్లకి ఎన్నిసార్లు ఫోన్ చేసినా కలవలేదు. ఆ టెన్షన్‌లోనే వైర్‌లెస్ మీద ధ్యాస పట్టుకుంది.

తర్వాత అమెరికాలో మా అమ్మాయి దగ్గర కొన్ని నెలలున్నాను, అల్లుడు ఒక స్కానర్ కొనిచ్చాడు, అంటే ఇతరుల వైర్‌లెస్ మాటలు వెతికి వినిపించే రేడియో. అక్కడ చాలా రాష్ట్రాల్లో ఇంట్లో కూర్చుని ఫైర్, అంబులెన్స్ మాటలు వినడం తప్పు కాదు. మొదటి వారం నేనేం చేశానంటే, బయట సైరన్ మోగింది, అదే సమయంలో ఒక ఛానెల్‌లో ఎవరో హడావిడిగా మాట్లాడారు, వెంటనే నోట్‌బుక్‌లో ఆ ఛానెల్ పక్కన ‘ఫైర్’ అని రాసేశాను. నాలుగు రోజులు విన్నాక తెలిసింది, అది స్కూలు బస్సుల వాళ్లది!

ఫ్రీక్వెన్సీ ఒక్కటే చూసి ఎవరిదో చెప్పలేం. అక్కడ రేడియో లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ, దాని లైసెన్సుల జాబితా అందరికీ అందుబాటులో ఉంటుంది, ఏ ఫ్రీక్వెన్సీ ఎవరికిచ్చారో, టవర్ ఎక్కడుందో అందులో చూడొచ్చు, కానీ లైసెన్సు ఉన్నంత మాత్రాన ఆ ఛానెల్ ఇప్పుడు వాడుతున్నారని కాదు. అందుకే టోన్ చూడాలి. మాట కింద మనకి వినపడకుండా 67 నుంచి 254 హెర్ట్జ్ మధ్య ఒక సన్నటి టోన్ నడుస్తుంది. ఒకే ఫ్రీక్వెన్సీ వాడే రెండు ఊళ్లని విడదీసేది అదే. పీ25 అనే డిజిటల్ పద్ధతి అయితే టోన్ బదులు నాక్ అనే కోడ్ ఉంటుంది, ట్రంకింగ్ అయితే, అంటే చాలామంది కొన్ని ఛానెళ్లనే పంచుకునే పద్ధతి అయితే, ఒక్కో బృందానికి ఉండే టాక్‌గ్రూప్ నంబరు పట్టుకోవాలి. బయటివాళ్లకి అర్థం కాకుండా ఎన్‌క్రిప్షన్ పెట్టి ఉంటే అక్కడితో వదిలేయడమే.

నాకు బాగా నచ్చింది ఫైర్ పేజర్ల టెస్టు, అంటే ఫైర్ సిబ్బందిని పిలిచే చిన్న రేడియోలు పనిచేస్తున్నాయా అని చూడటం. రోజూ సాయంత్రం ఒకే వేళకి ఒక సెకను ఒక స్వరం, వెంటనే మూడు సెకన్లు ఇంకో స్వరం, ఆ తర్వాత స్టేషన్ పేరు. ప్రతి స్టేషన్‌కీ ఒక జత ఉంటుంది. పది రోజులు వింటే, పేరు చెప్పకముందే అది ఏ స్టేషనో మనకే తెలిసిపోతుంది, అప్పుడు కలిగే ఆనందం నేను మాటల్లో చెప్పలేను.

ఇక మన దగ్గర సంగతి సూటిగా చెప్తాను. ఇక్కడ లైసెన్సు లేకుండా పోలీసు వైర్‌లెస్ వినడానికి ప్రయత్నించకండి, చట్టం ఒప్పుకోదు. అమెరికాలో విన్నప్పుడు కూడా, అంబులెన్స్ వాళ్లు ఒక పెద్దాయన ఇంటి అడ్రస్ చెప్తుంటే నేను పెన్ను పక్కన పెట్టేశాను. అది మనం రాసుకోవాల్సింది కాదు.

ఇష్టముంటే హామ్ లైసెన్సు, అంటే సరదా కోసం రేడియో వాడుకునే లైసెన్సు తీసుకోండి. 12 ఏళ్లు నిండితే పరీక్ష రాయొచ్చు, పాసైతే వీయూ2తో గానీ వీయూ3తో గానీ మొదలయ్యే కాల్‌సైన్, అంటే రేడియోలో మన గుర్తింపు పేరు వస్తుంది. 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ మధ్య ఇదే పని హాయిగా చేసుకోవచ్చు: టోన్ పట్టుకోవడం, వేళ రాసుకోవడం, గొంతు గుర్తుపట్టడం.

నా పాత నోట్‌బుక్ బల్ల మీద పెడుతున్నాను, తిరగేసి చూడండి. మొదటి పేజీలో ‘ఫైర్’ కొట్టేసి పక్కన ‘స్కూలు బస్సు’ అని రాసి ఉంటుంది.